విండోస్ 11లో పాత మోడింగ్ టూల్స్ నడిపించడం ఎలా

మా చిన్నాన్న కొడుకు ఉద్యోగం వెతుక్కుంటూ అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్ళిలో నా గదిలో దిగాడు. పగలు ఇంటర్వ్యూలు, రాత్రి జీటీఏ శాన్ ఆండ్రియాస్ గేమ్. నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఆ గేమ్‌లోని సిటీ బస్సుకి మన ఎర్రబస్సు రంగు వేసి, ముందు బోర్డు మీద ‘అనంతపురం – బెంగళూరు’ అని రాసి పెట్టుకున్నాను. గేమ్ ఫైళ్ళని ఇలా మనకి నచ్చినట్టు మార్చుకోవడమే మోడింగ్, అలాంటి ఒక్కో మార్పూ ఒక మోడ్. ఆ ఫైలూ, దాన్ని గేమ్‌లోకి ఎక్కించే టూల్సూ ఒక పాత హార్డ్ డిస్కులో ఉండిపోయాయి. వాడు వాటిని తవ్వి తీసి కొత్త లాప్‌టాప్‌లో బస్సు ఎక్కించాడు. టూల్ ‘అయిపోయింది’ అంది. మూసి మళ్ళీ తెరిచినా అందులో ఎర్రబస్సే ఉంది. గేమ్ తెరిస్తే మాత్రం రోడ్డు మీద అదే పాత బస్సు తిరుగుతోంది.

“అన్నా, మరి ఎక్కించింది ఎక్కడికి పోయినట్టు?”

నిజంగానే ఎక్కడికో పోయింది. దాన్ని పట్టుకోవడానికి ఒక శనివారం పట్టింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయాక చాలామంది కొత్త మెషిన్లకు మారారు. పాత ఫోల్డర్లను వెంట తెచ్చుకున్నవాళ్ళకి ఇదే తలనొప్పి వస్తుంది. ఉదాహరణలు శాన్ ఆండ్రియాస్‌వి ఇస్తున్నాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. మీది దానికి ముందొచ్చిన వైస్ సిటీ అయినా, మరో గేమ్ అయినా దారి ఇదే.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. పాత టూల్ చాలావరకు పాడైపోదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో దాదాపు అందరం అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌తోనే పని చేసేవాళ్ళం. ప్రోగ్రామ్‌కి అది సొంతిల్లు. ఏ గోడకి కావాలంటే ఆ గోడకి మేకు కొట్టుకునేది. 2007లో విండోస్ విస్టా వచ్చి ఇంటిని అద్దెకి మార్చింది. ఇప్పుడు మేకు కొట్టాలంటే ఓనర్ని అడగాలి. బెంగళూరులో అద్దెకున్నవాళ్ళకి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. ఆ పాత టూల్‌కి అడగాలన్న సంగతే తెలియదు. ఎందుకంటే దాన్ని రాసినప్పుడు అడిగే పద్ధతే లేదు.

మొదట గేమ్ ఫోల్డర్ని ప్రోగ్రామ్ ఫైల్స్ నుంచి బయటికి తీయండి

మిగతావన్నీ దీని తర్వాతే. నా అనుభవంలో సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

మావాడు పాత డిస్కులోని గేమ్ ఫోల్డర్ని మొత్తంగా సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86లోకి లాగి పడేశాడు. ఆ ఫోల్డర్‌లో రాయాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. పాత 32 బిట్ ప్రోగ్రామ్ అనుమతి అడగకుండా అక్కడ రాయబోతే విండోస్ దాన్ని తిట్టదు, ఆపదు. గుట్టుచప్పుడు కాకుండా ఆ ఫైలుకి ఇంకో కాపీ తీసి, మీ యూజర్ ఫోల్డర్‌లో వర్చువల్ స్టోర్ అనే చోట పెట్టి, మార్పులన్నీ అందులో రాయిస్తుంది. టూల్‌కి మళ్ళీ చూపించేదీ ఆ కాపీనే. అందుకే టూల్‌లో ఎర్రబస్సు కనిపించింది. గేమ్‌కి మాత్రం మావాడు ముందే ఎవరో చెప్పారని ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ టిక్ పెట్టాడు. అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే ప్రోగ్రామ్‌కి ఈ చాటు కాపీ కనిపించదు, అసలు ఫైలే కనిపిస్తుంది. ఒకరు ఒక ఫైల్లో రాస్తుంటే ఇంకొకరు వేరే ఫైల్లో చదువుతున్నారన్నమాట.

ఇలా చేయండి. డీ డ్రైవ్‌లో గానీ, లేకపోతే సీ డ్రైవ్ మొదట్లోనే గానీ ‘గేమ్స్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఫోల్డర్ పెట్టండి. పేరు చిన్నదిగా, ఖాళీలు లేకుండా ఉండాలి. గేమ్‌ని అందులోకి మార్చండి. టూల్స్‌ని పక్కనే ఇంకో ఫోల్డర్‌లో పెట్టండి. ఇప్పుడు చాటు కాపీ ఉందేమో చూడాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, లోకల్‌యాప్‌డేటా అన్న మాటని ఇంగ్లీషులో, ముందూ వెనకా శాతం గుర్తుతో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో వర్చువల్ స్టోర్ ఉంటుంది. దాని లోపల మీ గేమ్ పేరుతో ఫోల్డర్ కనిపించిందా, దొరికినట్టే. మా బస్సు అక్కడే ఉంది, బస్టాండులో తప్పిపోయిన పిల్లాడిలా. అందులో మీకు కావలసిన మార్పులుంటే బయటికి కాపీ చేసుకుని, మిగతాది తీసేయండి. ఉంచితే రేపు ఇంకో టూల్ దాన్నే చదివి మిమ్మల్ని మళ్ళీ తికమక పెడుతుంది.

‘ఇంత బాధ దేనికి, టూల్‌ని కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే పోలా’ అనొచ్చు. నడుస్తుంది. కానీ అలా నడిపిన టూల్ విండోలోకి మామూలు ఫోల్డర్ నుంచి ఫైలుని లాగి వదిలితే పడదు. తక్కువ హక్కుల ప్రోగ్రామ్ నుంచి ఎక్కువ హక్కుల ప్రోగ్రామ్‌లోకి లాగడాన్ని విండోస్ అడ్డుకుంటుంది. ఎర్రర్ కూడా రాదు, మౌస్ దగ్గర అడ్డగీత గుర్తు కనిపిస్తుందంతే. టెక్స్చర్ (బండి మీద అంటించే బొమ్మ) ఫైళ్ళని లాగి వదిలే అలవాటున్నవాళ్ళు టూల్ చెడిపోయిందనుకుంటారు. అదీకాక, ఎవరు రాశారో తెలియని ఇరవై ఏళ్ళ నాటి ప్రోగ్రామ్‌కి ఇంటి తాళాలన్నీ ఇవ్వడం నాకు నచ్చదు. ఫోల్డర్ మార్చడమే మేలు.

ఏదీ ముట్టుకోకముందే కాపీ

గేమ్ ఫోల్డర్‌లో మోడల్స్ అనే లోపలి ఫోల్డర్‌లో జీటీఏ3 డాట్ ఐఎంజీ అనే పెద్ద ఫైలు ఉంటుంది. బండ్లు, మనుషులు, భవనాలు చాలావరకు అందులోనే మూటగట్టి ఉంటాయి. ఆ మూటలోని ఫైళ్ళలో డీఎఫ్ఎఫ్ అంటే ఆకారం, టీఎక్స్‌డీ అంటే దాని మీద అంటించే బొమ్మలు. వైస్ సిటీలో ఈ ఐఎంజీకి తోడుగా అదే పేరుతో డీఐఆర్ అనే చిన్న ఫైలు కూడా ఉంటుంది. ఏది ఎక్కడుందో చెప్పే చిట్టా అది. శాన్ ఆండ్రియాస్‌లో చిట్టా ఐఎంజీ లోపలికే వెళ్ళిపోయింది. వైస్ సిటీవాళ్ళు ఆ రెంటినీ జంటగానే కాపీ చేయాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే గేమ్ లోడింగ్‌లోనే కూలబడుతుంది. డేటా ఫోల్డర్‌ని కూడా కాపీ చేసి పెట్టుకోండి, చిన్నదే.

యూజర్ పేరు తెలుగులో ఉందా?

ఇది మనవాళ్ళకే వచ్చే చిక్కు. మావాడు ముచ్చటపడి లాప్‌టాప్ సెటప్‌లో తన పేరు తెలుగు లిపిలో కొట్టాడు. దాంతో యూజర్ ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే తయారైంది. చూడ్డానికి బావుంది. కానీ పాత టూల్స్‌లో చాలావాటికి యూనికోడ్ (అన్ని లిపులకీ కలిపి ఉన్న ఒకే అక్షరాల పట్టిక) తెలియదు. అవి అక్షరాలని చదవడానికి విండోస్ ఇచ్చే పాత కోడ్ పేజీ (లిపిని బట్టి మారే చిన్న అక్షరాల పట్టిక) మీద ఆధారపడతాయి. రష్యన్‌కి, జపనీస్‌కి అలాంటి కోడ్ పేజీలు ఉన్నాయి. తెలుగుకి, హిందీకి లేవు. మన లిపులు విండోస్‌లోకి నేరుగా యూనికోడ్‌తోనే వచ్చాయి. అందువల్ల ఆ టూల్‌కి మీ పేరులోని ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం కనిపిస్తుంది. ఫైలు పేర్లలో ప్రశ్నార్థకం ఉండకూడదని విండోస్ నియమం. ఇంకేముంది, ‘పాత్ దొరకలేదు’ అంటూ టూల్ చేతులెత్తేస్తుంది.

డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ అన్నీ ఆ తెలుగు పేరున్న ఫోల్డర్ కిందే ఉంటాయి కాబట్టి టూల్‌ని, దాని ఫైళ్ళని అక్కడ పెట్టకండి. ఇంతకుముందు చెప్పిన డీ డ్రైవ్ ఫోల్డరే దీనికీ మందు. టూల్ తాత్కాలిక ఫైళ్ళని టెంప్‌లో రాసే రకమైతే అదీ యూజర్ ఫోల్డర్ కిందే ఉంటుంది. అప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోకి వెళ్ళి టెంప్, టీఎంపీ రెండింటినీ డీ డ్రైవ్‌లోని ఒక మామూలు ఫోల్డర్‌కి మార్చండి. అదీ కుదరకపోతే ఇంగ్లీషు పేరుతో ఇంకో లోకల్ అకౌంట్ తెరిచి, మోడింగ్ పనులు అందులో చేసుకోండి. సెట్టింగ్స్‌లో అకౌంట్ పేరు మార్చినంత మాత్రాన ఫోల్డర్ పేరు మారదు. మావాడు ఆ ప్రయత్నమే చేసి గంట పోగొట్టుకున్నాడు.

ప్రాంతీయ సెట్టింగ్స్‌లో ‘యూటీఎఫ్ 8 వాడు’ అనే బీటా టిక్ ఒకటి ఉంది. దాంతో కొన్ని టూల్స్ బాగుపడతాయి, ఇంకొన్ని కొత్తగా చెడతాయి. అది మెషిన్ మొత్తానికి వర్తిస్తుంది కాబట్టి ఒక బస్సు కోసం నేను దాని జోలికి పోను.

డాక్యుమెంట్స్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. శాన్ ఆండ్రియాస్ తన సేవ్ ఫైళ్ళని, సెట్టింగ్స్‌ని డాక్యుమెంట్స్‌లోని యూజర్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెడుతుంది. కొత్త విండోస్‌లో వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయి ఉంటే డాక్యుమెంట్స్ మొత్తం వన్‌డ్రైవ్ ఫోల్డర్ కిందికి మారిపోతుంది. ‘నా సేవ్‌లు ఏవి’ అని టెన్షన్ పడే ముందు అక్కడ వెతకండి. గేమ్ మొదట్లోనే బిగుసుకుపోతుంటే ఆ ఫోల్డర్‌లోని జీటీఏ అండర్‌స్కోర్ ఎస్ఏ డాట్ సెట్ అనే ఫైలుని తీసేసి చూడండి. సెట్టింగ్స్ మాత్రమే పోతాయి, సేవ్‌లు పోవు.

జిప్‌ని విప్పే ముందు

ఇంటర్నెట్ నుంచి దిగిన ప్రతి ఫైలుకి విండోస్ ఒక కనిపించని చీటీ అంటిస్తుంది. జిప్‌ని ఎక్స్‌ప్లోరర్‌తో అలాగే విప్పితే లోపలి ఫైళ్ళకీ ఆ చీటీ అంటుకుంటుంది. అందుకే ముందు జిప్ మీదే రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కింద ఉండే అన్‌బ్లాక్ టిక్ పెట్టి, తర్వాత విప్పండి. టూల్‌తో వచ్చిన సీహెచ్ఎం హెల్ప్ ఫైలు తెరిస్తే ఎడమవైపు విషయసూచిక కనిపించి కుడివైపు తెల్లగా ఉంటే కారణం ఈ చీటీయే. ఇంకా పాతవైన హెచ్‌ఎల్‌పీ హెల్ప్ ఫైళ్ళు విండోస్ 10 నుంచీ అసలు తెరుచుకోవు, వాటి మీద ఆశ వదులుకోవచ్చు.

ఎర్రర్ చదవండి, గుడ్డిగా టిక్కులు పెట్టకండి

మావాడి పద్ధతి ఏంటంటే, టూల్ తెరుచుకోకపోతే దాని ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఉన్న టిక్కులన్నీ పెట్టేయడం. జ్వరమొస్తే మెడికల్ షాపులో ఉన్న మాత్రలన్నీ మింగినట్టు. ఎర్రర్ డబ్బాలో ఏం రాసుందో ఒక్కసారి చదివితే చాలా టైమ్ కలిసొస్తుంది.

‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అన్న నీలం డబ్బా వచ్చిందంటే అది 16 బిట్ (బాగా పాతకాలపు) ప్రోగ్రామ్ అయ్యే అవకాశం ఎక్కువ. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రామ్స్‌ని నడపదు, విండోస్ 11 అయితే 64 బిట్‌గా మాత్రమే వస్తుంది. కంపాటిబిలిటీ టిక్కులు ఇక్కడ పనికిరావు. అది డాస్ టూల్ అయితే డాస్‌బాక్స్ వాడండి. 16 బిట్ విండోస్ టూల్ అయితే వైన్‌వీడీఎం అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది, చాలాసార్లు సరిపోతుంది. ఒక్కోసారి టూల్ 32 బిట్‌దే అయినా దాని సెటప్ మాత్రం 16 బిట్‌ది అయి ఉంటుంది. అప్పుడు సెటప్‌ని పక్కనబెట్టి, పాత మెషిన్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న ఫోల్డర్నే తెచ్చుకుంటే పని జరుగుతుంది.

పాత డిస్కు నుంచి తేవడం అంటే: 2006 నాటి నా డిస్కు ఐడీఈ రకం, వెడల్పాటి రిబ్బన్ కేబుల్ తగిలేది. దాన్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ ఎస్‌పీ రోడ్డులో దొరికింది. కొనేటప్పుడు అందులో కరెంటు ఇచ్చే అడాప్టర్ కూడా ఉందో లేదో చూసుకోండి. డెస్క్‌టాప్ డిస్కుకి యూఎస్‌బీ కరెంటు చాలదు.

తరువాత ఓసీఎక్స్ ఎర్రర్. మోడింగ్ టూల్స్‌లో ఎక్కువగా వచ్చేది ఇదే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. ‘కాంపోనెంట్ ఎంఎస్‌కామ్‌సీటీఎల్ డాట్ ఓసీఎక్స్ సరిగ్గా రిజిస్టర్ కాలేదు’ అనో, కామ్‌డీఎల్‌జీ32 అనో, ట్యాబ్‌సీటీఎల్32 అనో అంటుంది. ఆ టూల్ విజువల్ బేసిక్ 6లో రాసిందని దానర్థం. విజువల్ బేసిక్ నడవడానికి కావలసిన ముఖ్యమైన డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్స్ అరువు తెచ్చుకునే కోడ్ ఫైలు) విండోస్ 11లో ఇప్పటికీ ఉంది. లేనివి ఈ ఓసీఎక్స్‌లు. ఒక్కొక్కటి ఒక్కో రకం బటన్‌నో, జాబితానో, ‘ఫైల్ తెరువు’ డబ్బానో గీసే ముక్క.

వీటి కోసం డీఎల్‌ఎల్‌లు పంచే ఊరూ పేరూ లేని సైట్లకి వెళ్ళకండి. విజువల్ బేసిక్ 6 సర్వీస్ ప్యాక్ 6 తాలూకు ఫైళ్ళని మైక్రోసాఫ్టే ఇచ్చింది, అవే తీసుకోండి. తీసుకున్న ఓసీఎక్స్‌ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు మెలిక. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32 ఒకటి, సిస్‌వావ్64 ఒకటి ఉంటాయి. 32 బిట్ ఫైలు కదా అని సిస్టమ్32లో పెట్టబోతాం. తప్పు. సిస్టమ్32లో ఉండేవి 64 బిట్ ఫైళ్ళు, సిస్‌వావ్64లో ఉండేవి 32 బిట్ ఫైళ్ళు. పేర్లు తారుమారయ్యాయని ఎవరికైనా అనిపిస్తుంది. సిస్టమ్32 అన్న పేరు మీద ఆధారపడిన పాత కోడ్ చెడకూడదని ఆ పేరుని 64 బిట్‌కి కూడా అలాగే ఉంచేశారు. కాబట్టి మీ ఓసీఎక్స్ వెళ్ళాల్సింది సిస్‌వావ్64లోకి. పెట్టాక కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సీడీ కమాండ్‌తో సిస్‌వావ్64 ఫోల్డర్‌లోకి వెళ్ళి, అక్కడే ఉండే రెగ్‌ఎస్‌వీఆర్32 పేరు, ఒక ఖాళీ, ఓసీఎక్స్ పేరు కొట్టి ఎంటర్ నొక్కండి. ‘సక్సీడెడ్’ అని డబ్బా వస్తే అయిపోయింది. టూల్ తెరవండి. ఇంకో ఓసీఎక్స్ పేరు చెప్పి మళ్ళీ ఆగొచ్చు. విసుక్కోకండి, అది ముందుకు కదులుతోందనడానికి గుర్తు. మా టీఎక్స్‌డీ ఎడిటర్ మూడో ఓసీఎక్స్ తర్వాత తెరుచుకుంది.

మిగతావి తేలిక. ‘సైడ్ బై సైడ్ కాన్ఫిగరేషన్ తప్పు’ అంటే విజువల్ సీ ప్లస్ ప్లస్ 2005 లేదా 2008 రన్‌టైమ్ (టూల్ నడవడానికి కావలసిన ఫైళ్ళ కట్ట) లేదని అర్థం. మీ మెషిన్ 64 బిట్ అయినా టూల్ 32 బిట్‌ది కాబట్టి ఎక్స్86 అని ఉన్నదే వేయండి. డీ3డీఎక్స్9 అంటూ మొదలై చివర ఏదో అంకె ఉన్న డీఎల్‌ఎల్ లేదంటే డైరెక్ట్ఎక్స్ 2010 జూన్ రన్‌టైమ్ వేయాలి. విండోస్ 11లో డైరెక్ట్ఎక్స్ 12 ఉంది కదా, మళ్ళీ పాతదెందుకు అని మావాడు అడిగాడు. డైరెక్ట్ఎక్స్ 9 కూడా లోపల ఉంది గానీ, పాత ప్రోగ్రామ్స్ వాడే ఈ సహాయక డీఎల్‌ఎల్‌లు విండోస్‌తో రావు. 2010 ప్యాకేజీ వేసినా కొత్తదానికి ఏమీ కాదు, లేని ఫైళ్ళు మాత్రమే వచ్చి చేరతాయి. డాట్‌నెట్ 2 గానీ 3.5 గానీ అడిగితే కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5కి టిక్ పెట్టండి. 2.0, 3.0 దాంట్లోనే కలిసి వస్తాయి. 4.8 ఉన్నా అది వీటికి బదులు కాదు.

డిస్కు పెట్టి ఆడే పాత గేమ్ అస్సలు మొదలవకపోతే అది సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉన్నదేమో చూడండి. ఆ రక్షణకి కావలసిన డ్రైవర్‌ని విండోస్ 10 నుంచే తీసేశారు, దాంట్లో భద్రతా లోపాలున్నాయని. అలాంటి గేమ్‌ని డౌన్‌లోడ్ రూపంలో మళ్ళీ కొనుక్కోవడమే తేలిక. కానీ శాన్ ఆండ్రియాస్ మోడ్స్‌లో చాలావరకు 1.0 వెర్షన్ కోసం రాసినవని గుర్తుంచుకోండి. తర్వాతి వెర్షన్లలో క్లియో స్క్రిప్టులు, ఏఎస్ఐ ప్లగిన్లు (గేమ్‌కి కొత్త పనులు నేర్పే మోడ్ ఫైళ్ళు) చాలా పనిచేయవు. తప్పు టూల్‌ది కాదు, విండోస్‌దీ కాదు.

ఇప్పుడు కంపాటిబిలిటీ ట్యాబ్

ఇది ఇంత వెనక ఎందుకు పెట్టానంటే, చాలామంది దీంతోనే మొదలుపెడతారు. ఎక్స్‌పీ మోడ్ అని టిక్ పెడితే లోపల ఎక్స్‌పీ నడుస్తుందనుకుంటారు. అలాంటిదేమీ లేదు. ‘నేను ఏ విండోస్ మీద ఉన్నాను’ అని ప్రోగ్రామ్ అడిగితే ‘ఎక్స్‌పీ’ అని అబద్ధం చెబుతుంది. ఇంకొన్ని పాత అలవాట్లని అనుకరిస్తుంది. వెర్షన్ నంబర్ చూసి బెదిరిపోయే టూల్స్‌కి ఈ అబద్ధం చాలు. ఓసీఎక్స్ లేని టూల్‌కి ఎన్ని అబద్ధాలు చెప్పినా ఓసీఎక్స్ పుట్టదు.

ఒక్కో టిక్ పెట్టి చూడండి, పని చేయకపోతే తీసేసి ఇంకోటి పెట్టండి. నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది ఎక్స్‌పీ మోడ్ కాదు, డీపీఐ సెట్టింగ్, అంటే స్క్రీన్ మీద సైజు సరిచేసేది. కొత్త లాప్‌టాప్ స్క్రీన్ మీద పాత టూల్ బటన్లు చీమ తలకాయల్లా కనిపిస్తాయి, లేదా అక్షరాలు డబ్బా దాటి బయటికి వచ్చేస్తాయి. ‘చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ నొక్కి, కింద ఓవర్‌రైడ్ టిక్ పెట్టి, ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ ఎంచుకోండి. దాంతో బాగుపడకపోతే ‘సిస్టమ్’. మోడల్ వ్యూయర్‌లో మౌస్ ఒకచోట నొక్కితే ఇంకోచోట పడుతుంటే దానికీ ఇదే మందు.

డిఫెండర్ కన్నుపడితే

ఏఎస్ఐ ప్లగిన్లని ఎక్కించే ఏఎస్ఐ లోడర్లు, నడుస్తున్న గేమ్‌లోకి దూరి కోడ్ మారుస్తాయి. కొన్ని వైరస్‌లూ అలాగే పనిచేస్తాయి కాబట్టి విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి అనుమానం రావడం సహజం. అలాగని డిఫెండర్‌ని పూర్తిగా ఆపేయకండి. ఫైలుని చాలా యాంటీవైరస్ ఇంజిన్లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లో చూడండి. ఒకటి రెండు ఇంజిన్లు అనుమానిస్తే ఒక లెక్క, డజన్లు ఒకే పేరు పెట్టి తిడితే ఇంకో లెక్క. నమ్మకం కుదిరాక ఆ టూల్స్ ఫోల్డర్ ఒక్కదానికే మినహాయింపు ఇవ్వండి. కొత్త విండోస్ 11 మెషిన్లలో స్మార్ట్ యాప్ కంట్రోల్ అని ఇంకోటి ఉంటుంది. అందులో ఒక్క ప్రోగ్రామ్‌కి మినహాయింపు ఇచ్చే వీలు లేదు, ఆపితే మొత్తంగా ఆపాలి. ఆఫీసు పని కూడా చేసే లాప్‌టాప్ అయితే దాన్ని ఆపకుండా, కింద చెప్పిన వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్) దారి పట్టడం మంచిది. ఆఫీసువాళ్ళిచ్చిన లాప్‌టాప్ అయితే అసలు ఈ వ్యవహారమే పెట్టుకోకండి.

ఎర్రర్ లేదు, టూల్ తెరుచుకోదు

అన్నిటికంటే చికాకు పెట్టేది ఇది. డబుల్ క్లిక్ చేస్తే మౌస్ ఒక క్షణం తిరిగి ఆగిపోతుంది. బండ్ల నడక మార్చే నా పాత హ్యాండ్లింగ్ ఎడిటర్ ఇలాగే చేసింది.

మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లో ప్రాసెస్ మానిటర్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు తెరుస్తోంది, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్స్ దాచుకునే చిట్టాలో) ఏం వెతుకుతోంది అన్నది వరసగా చూపిస్తుంది. ఫిల్టర్‌లో మీ టూల్ పేరు ఒక్కటే పెట్టండి, లేకపోతే లక్షల వరసల్లో మునిగిపోతారు. తర్వాత టూల్‌ని తెరవండి. అది చచ్చిపోగానే రికార్డింగ్ ఆపి, చివరి నుంచి పైకి చదవండి. ‘నేమ్ నాట్ ఫౌండ్’ అన్నవి ఆరోగ్యంగా ఉన్న ప్రోగ్రామ్‌లోనూ వందల్లో ఉంటాయి, వాటిని చూసి భయపడకండి. చావుకి సరిగ్గా ముందు ఏం అడిగిందన్నదే కావాలి. మా ఎడిటర్ విషయంలో అది గేమ్ ఎక్కడుందో చెప్పే రిజిస్ట్రీ కీ. గేమ్‌ని ఇన్‌స్టాల్ చేయకుండా ఫోల్డర్ కాపీ చేశాం కాబట్టి ఆ కీ లేదు. లేకపోతే ఏం చేయాలో ఆ టూల్ రాసినవాళ్ళు ఆలోచించలేదు. ఆ కీని చేత్తో తయారు చేశాక తెరుచుకుంది. మీరూ చేయాల్సి వస్తే ఒకటి గమనించండి: 64 బిట్ విండోస్‌లో 32 బిట్ టూల్ లోకల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ కింద వెతికితే విండోస్ దాన్ని వావ్6432నోడ్ అనే ఉపశాఖలోకి మళ్ళిస్తుంది. కీని అక్కడే పెట్టాలి.

తప్పు మోడ్‌ది కాకపోవచ్చు

మావాడు ఒక రాత్రి ‘నీ బస్సు వేశాక స్కిమ్మర్ విమానం మాయమైంది’ అని నన్ను లేపాడు. స్కిమ్మర్ అంటే నీటి మీద దిగే చిన్న విమానం. బస్సుకీ దానికీ సంబంధమే లేదు. విండోస్ 11 వెర్షన్ 24హెచ్2 వచ్చాక చాలామందికి ఇలాగే జరిగింది. సైలెంట్ పేరుతో ఈ గేమ్‌కి ప్యాచ్‌లు చేసే మోడర్ 2025లో దీన్ని మొదలంటా తవ్వాడు.

కథ ఏంటంటే, డేటా ఫోల్డర్‌లోని వెహికల్స్ డాట్ ఐడీఈ ఫైల్లో ఒక్కో బండికి ఒక్కో వరస ఉంటుంది. చివర్లో చక్రాల సైజులు. 460 నంబర్ స్కిమ్మర్ వరసలో ఆ అంకెలు లేవు. వైస్ సిటీలో దాన్ని పడవల లెక్కలో రాశారు, పడవకి చక్రాలుండవు కదా. శాన్ ఆండ్రియాస్‌లో విమానంగా మార్చినా అంకెలు చేర్చడం మరిచిపోయారు. చదివే కోడ్‌కి అంకెలు దొరక్కపోతే, మెమరీలో ముందు బండి వదిలి వెళ్ళిన అంకెలే అదృష్టవశాత్తు అక్కడ మిగిలి ఉండేవి. ఇరవై ఏళ్ళు అలా ఎంగిలి అంకెలతోనే బతికింది ఆ విమానం. 24హెచ్2లో విండోస్ లోపలి కోడ్ మారి, ఆ మెమరీ జాగాని వేరే పనికి వాడుకోవడం మొదలైంది. ఎంగిలి తుడిచిపెట్టుకుపోయింది, విమానం ఆకాశంలోకి ఎగిరి మాయమైంది. సైలెంట్‌ప్యాచ్ వేస్తే సరిపోతుంది. లేదా నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైలు తెరిచి 460 వరస చివర కామా పెట్టి, మైనస్ 1, 0.7, 0.7, మైనస్ 1 అని కామాలతో చేర్చండి. కొత్త విండోస్‌లో శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్ళు సైలెంట్‌ప్యాచ్ వేసుకున్నాకే మోడ్స్ మొదలుపెట్టండి. మౌస్ పనిచేయకపోవడం లాంటి ఇంకొన్ని జబ్బులూ దాంతో పోతాయి.

పాత టూల్ మానేసినా పర్లేదు

ఇంత చెప్పాక ఈ మాట అంటున్నానని తిట్టుకోకండి. టెక్స్చర్లు మార్చడానికి ఇప్పుడు మ్యాజిక్ టీఎక్స్‌డీ ఉంది, 64 బిట్ విండోస్‌లో నిక్షేపంగా నడుస్తుంది. ఐఎంజీని ముట్టుకోకుండానే మోడ్ వేయడానికి మోడ్ లోడర్ ఉంది. గేమ్ ఫోల్డర్‌లో మోడ్‌లోడర్ అనే ఫోల్డర్ కింద మీ పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, బస్ డాట్ టీఎక్స్‌డీని అందులో వదిలేస్తే చాలు. వద్దనుకుంటే ఫోల్డర్ తీసేయండి, అసలు ఫైలు చెక్కు చెదరదు. పాత ఐఎంజీ టూల్‌తోనే చేస్తానంటే మాత్రం ఫైళ్ళు మార్చాక ‘రీబిల్డ్ ఆర్కైవ్’ నొక్కడం మరవకండి. లోపల తీసేసిన ఫైళ్ళ జాగా ఖాళీగా అలాగే ఉండిపోయి, ఐఎంజీ ఊరికే ఉబ్బుతుంటుంది.

పాత టూల్ తప్ప గతి లేని సందర్భాలూ ఉంటాయి. ఎవరూ మళ్ళీ రాయని ఫార్మాట్లు, మీ పాత ప్రాజెక్టు ఫైళ్ళు. వాటికి వర్చువల్ మెషిన్ నడిపే వర్చువల్‌బాక్స్‌లో 32 బిట్ ఎక్స్‌పీ వేసుకోండి, లైసెన్స్ ఉన్న పాత సీడీ ఉంటే. అర జీబీ మెమరీ ఇచ్చినా హాయిగా నడుస్తుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే సపోర్టు ఆగిపోయింది కాబట్టి నెట్‌వర్క్ అడాప్టర్‌ని ఆపేయండి, షేర్డ్ ఫోల్డర్ ఒక్కటి చాలు. టూల్‌ని మాత్రమే అందులో నడిపి, తయారైన ఫైలుని బయటికి తెచ్చుకుని, గేమ్‌ని అసలు విండోస్‌లోనే ఆడండి. వర్చువల్ మెషిన్‌లో త్రీడీ గేమ్ ఆడాలనుకుంటే ఓపిక పరీక్షే.

మా బస్సు చివరికి మోడ్ లోడర్ ద్వారానే ఎక్కింది. గేమ్‌లోని లాస్ సాంటోస్ ఊరి వీధుల్లో ఎర్రగా తిరుగుతోంది. దగ్గరికెళ్ళి చూస్తే బోర్డు మీద ‘అనంతపురం’ అలుక్కుపోయి ఉంది. అప్పట్లో 128 పిక్సెళ్ళ టెక్స్చర్‌లో ఇరికించి, పైగా డీఎక్స్‌టీ1 కంప్రెషన్ చేశాను, తెలుగు వొత్తులూ గుడులూ దానికి తట్టుకోలేదు. 512లో మళ్ళీ గీస్తున్నాను. మావాడేమో ఈ ఊరికి వచ్చే బస్సు కాబట్టి కింద కన్నడలో కూడా ఉండాలంటున్నాడు. ఆ వరస వాడికే అప్పజెప్పాను.